వెనక మూలన బిగించిన యాంటెన్నా

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఆగస్టులో, వాషర్‌మెన్‌పేట్‌లోని ఒక ధర్మసంస్థ అంబులెన్సులకు వైర్‌లెస్ సెట్లు బిగించే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను ఒక రేడియో కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌ని. తుపాను రోజుల్లో సెల్ టవర్లను నమ్మలేమని సంస్థవారు సెట్లు పెట్టించుకున్నారు.

బండి మీద యాంటెన్నాకు సరైన చోటు టాపు నడిమధ్య. మేం వాడేది అర మీటరు కమ్మి. దాని చుట్టూ ఇనుప రేకు సమానంగా ఉంటే సిగ్నల్ అన్ని దిక్కులకూ సమానంగా వెళుతుంది. మూలకు జరిపితే, రేకు ఎక్కువున్న వైపు బలంగా, రెండో వైపు బలహీనంగా వెళుతుంది. మా పనిలో ఇది మొదటి పాఠం.

నడిమధ్య బిగించాలంటే టాపుకు రంధ్రం వేయాలి. మూడో బండి డ్రైవరు మునిరత్నం ఒప్పుకోలేదు. బండి కొత్తది. ముందురోజే పూజ చేయించాడు.

"నడినెత్తిన తూటు ఏస్తారా సార్? వానొస్తే నీళ్లు యాడ పడతాయి? స్ట్రెచర్ మీదే కదా. పేషెంటుకు గొడుగు మీరు పడతారా?" అన్నాడు.

తక్కిన డ్రైవర్లు నవ్వారు. సాయంత్రానికి బండి అప్పగించాలి. వెనక కుడి మూలన, వాననీటి అంచుకు క్లాంపుతో బిగించేశాను. మీటరు పెట్టి చూస్తే రీడింగు బాగుంది. యాంటెన్నా నుంచి ఎంత పవరు వెనక్కి వస్తోందో మాత్రమే ఆ మీటరు చెబుతుంది. ఏ దిక్కుకు ఎంత పోతోందో చెప్పదు. అది తెలిసే సంతకం చేశాను.

ఆ మూల నన్ను వదల్లేదు. వేరే పనుల మధ్య రెండుసార్లు ఫోన్ చేసి సెట్టు పనిచేస్తోందా అని అడిగాను. పనిచేస్తోందనే చెప్పారు. అయినా కుదురు చిక్కలేదు.

నవంబరులో తుపానుకు, నగరానికి ఉత్తరపు కొసనున్న ఎన్నూరు వైపు టవర్లు పోయిన ఒక మధ్యాహ్నం, అక్కడి ఐస్ ఫ్యాక్టరీ ల్యాండ్‌లైను నుంచి సంస్థకు కబురొచ్చింది. రొయ్యలు పట్టే ఒకాయనకు పక్షవాతం. మునిరత్నం బయల్దేరాడు. ఈలోగా ఆయన ఉండే సందులోకి నీళ్లు రావడంతో ఇంటివాళ్లు ఆయన్ని మోసుకుని, ఎన్నూరుకు ఇవతల రోడ్డుపక్క బడి దగ్గరికి తెచ్చారు. ఫ్యాక్టరీ ఫోనులో మళ్లీ వచ్చిన ఆ మాట చెప్పడానికి సంస్థ కంట్రోల్ రూమువాళ్లు సెట్లో పిలుస్తూనే ఉన్నారు. మునిరత్నానికి వినబడలేదు. బడి దాటి ఫ్యాక్టరీ దాకా వెళ్లి, కంటైనర్ లారీల మధ్య బండి తిప్పుకుని వచ్చేసరికి అరగంట పోయింది.

ఆయన ప్రాణం దక్కింది. కుడి చేతికి చలనం తిరిగి రాలేదు. ఆ అరగంట వల్లేనా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నాడు.

మర్నాడు మునిరత్నంతో ఎన్నూరు వెళ్లి, ఖాళీ స్థలంలో బండిని ఎనిమిది దిక్కులకు తిప్పించి, ప్రతిసారీ కంట్రోల్ రూముతో మాట్లాడాను. బండి ముఖం నగరం వైపుంటే మాట స్పష్టంగా ఉంది. వీపు నగరం వైపుంటే ఉత్త బుస్సు.

మునిరత్నం ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఈడికి వచ్చినాక నేను బండిని ఊరు దిక్కు తిప్పుకొని మాట్లాడతా సార్. అట్టయితేనే ఇనబడతాది."

ఎప్పటినుంచి అని అడిగాను.

"మొదట్నుంచే. మీరు పెట్టింది గదా, అదే పద్ధతి అనుకున్నా."

ఆ సాయంత్రమే నడిమధ్య రంధ్రం వేసి, రబ్బరు వాషరు, సీలెంటు పెట్టి కమ్మిని బిగించాను. మర్నాడు సీలెంటు ఆరాక బకెట్టు పట్టుకుని టాపు మీదికెక్కాను. మునిరత్నం లోపల స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకుని, "శెరి, పొయ్యండి సార్" అన్నాడు. మూడు బకెట్లు పోశాను. చుక్క కారలేదు.

మునిరత్నం ఈ ఏడాది పోయాడు. ఆ బండి టాపు చివరిదాకా కారలేదని అతని కొడుకు చెప్పాడు.

ఆ నవంబరు తర్వాత ఏ బండినైనా ఎనిమిది దిక్కులకు తిప్పి చూశాకే సంతకం చేశాను. సెట్టు పనిచేస్తోందా అని డ్రైవర్లను అడగడం మానేశాను. మాట వినబడాలంటే నువ్వేం చేస్తావని అడిగేవాణ్ణి.