పిండిలో పడని గీత

మా బడి ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ పోటీలకు నేను స్కోరు రాసేదాన్ని. ప్రొద్దుటూరు అంపైరు ఒకాయన బంతి విసిరేచోట ముగ్గుపిండి చల్లించేవాడు. విసిరేటప్పుడు వెనక కాలు నేలను రాసుకుంటూ వస్తే పిండిలో గీత పడుతుంది. కాలు పైకి లేస్తే గీత పడదు, ఆ బంతి చెల్లదు.

జమ్మలమడుగు ఫైనల్లో మా తరఫున విసిరింది ఆయన కూతురే. ఆఖరి బంతిని ఎదుటి జట్టు పిల్ల కొట్టలేకపోయింది. గెలిచామని మావాళ్లు గంతులేస్తుంటే, ఆయన వంగి పిండి చూసి, చెల్లదన్నాడు.

"ఈ ఒక్కటీ చూడనట్టు పోరాదా నాయనా?" అంది కూతురు.

"చూసినా గదా పాపా. మళ్లా వెయ్."

వేసింది. ఎదుటి పిల్ల ఈసారి బంతిని కంచె దాటించింది. ఓడిపోయాం.

స్కోరు కాగితం మీద సంతకం పెట్టబోతూ ఆయన ఆగాడు. "టీచరమ్మా, గీత నిజంగానే పడలేదు గదా?"

"పడలేదప్పా. సంతకం పెట్టు."