గోళ్ళరంగు గీత

మా మిషను ముసలిదైపోయింది. పళ్ళెం నుంచి పెట్టెకి వెళ్ళే వైరు రెండుచోట్ల తెగితే టేపు చుట్టాను. బ్యాటరీల మూత ఎప్పుడో పోయింది, దాని బదులు రబ్బరు బ్యాండు. తడి ఇసుక దగ్గరికి తీసుకెళ్తే చాలు, అడుగున ఏమీ లేకపోయినా కీచుకీచుమని ఒకటే గోల. నేనూ ముసలివాణ్ణే అయ్యాను, కాకపోతే నా నడుముకి ఏ టేపూ పనిచెయ్యదు.

మిషనంటే మెటల్ డిటెక్టర్. కువైట్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. వారమంతా దజీజ్‌లో గోదాములో సరుకు దింపించుకోవడం, ఎక్కించడం. శుక్రవారం పొద్దున్నే సముద్రం ఒడ్డున నాణేలు వెతుక్కోవడం. నాకున్న పిచ్చి అదొక్కటే. ఎనిమిదేళ్ళ కిందట అల్ రాయ్‌లో శుక్రవారం సంతకి వెళ్తే పాత సామాన్ల గుట్టలో ఇది కనబడింది. మొదటి వారం నరకం చూపించింది. మోగిన చోటల్లా కూల్‌డ్రింకు డబ్బా రింగే. వంగడం, తవ్వడం, రింగు తియ్యడం, నడుం పట్టుకుని లేవడం. ఛీ వెధవ బతుకు అనిపించి, అమ్మినవాడి దగ్గరికే దెబ్బలాటకి వెళ్ళాను. వాడు నవ్వేసి, ఒక మర తిప్పి, ఇక్కడుంచితే రింగులకి మోగదు, నాణేలకే మోగుతుందన్నాడు. ఇంటికి రాగానే ఆ మర ఉన్నచోట మా ఆవిడ గోళ్ళరంగుతో ఎర్రగా గీత పెట్టుకున్నాను. అప్పట్నించి ఎన్ని ఫిల్సు నాణేలు దొరికాయో! నెయ్యి డబ్బా నిండిపోయింది. మోగితే నాణెమే, అంత నమ్మకం.

రెండేళ్ళ తరవాత ఆ ఒడ్డునే మా ఆవిడ సూత్రం పోయింది.

మా కోనసీమలో సూత్రాలు రెండు. ఒకటి పుట్టింటివాళ్ళు చేయించేది, ఒకటి అత్తింటివాళ్ళు చేయించేది. గొలుసు తెగితే బాగుచెయ్యడానికిచ్చి, ఆ వారానికి రెండింటినీ పసుపుతాడుకి కట్టుకుంది. నేను వెతుకుతుంటే తను మెట్లకీ రాళ్ళకీ మధ్య పొడి ఇసుకలో కాసేపు తిరుగుతూ, కాసేపు కూర్చుంటూ ఉంది. ఇంటికొచ్చి చూసుకుంటే తాడు తెగి, ఒక సూత్రం లోపల బట్టల్లో చిక్కుకుని ఉంది. పోయింది పుట్టింటిది. వాళ్ళమ్మ తన చెవుల కమ్మలు కరిగించి చేయించినది.

కొత్తది చేయించాను. కళ్ళకద్దుకుని వేసుకుంది. నాల్రోజులయ్యాక అన్నం వడ్డిస్తూ, "ఇదీ మీరు చేయించిందే కదండీ. ఇప్పుడు రెండూ అత్తింటివే అయిపోయినియ్" అంది. ఆ శుక్రవారమే మిషను పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను.

ఆరు చలికాలాలు వెతికాను. ఇక్కడి ఎండల్లో ఎలాగూ కుదరదు, చలికాలమే సీజను. ప్రతి శుక్రవారం ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగేది, దొరికిందా అని. "మెట్ల కాడ్నించి రాళ్ళదాకా ఎతికేశానే, లేదు" అనేవాణ్ణి. విసుగొచ్చి ఒకసారి, "ఏ కెరటమో ఎత్తుకుపోయుంటది, ఇంక వదిలెయ్యి" అని కసిరాను కూడా. తను వదల్లేదు, కానీ అడగడం మానేసింది.

ఈ ఏడాది నా ఉద్యోగం ఖలాస్ అన్నారు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువైపోతే ఊరికి పోవాలి. మాకింక మూడు శుక్రవారాలు మిగిలాయి. వాటిలో మొదటి శుక్రవారం పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టి, మా ఆవిడే అంది: "ఆ పాత డొక్కుతో లాభం లేదండీ. కొత్త మిషను కొనండి. ఆకరిసారి ఎతికి చూద్దాం."

ఇల్లు సర్దుకుంటూ పెట్టెలు కట్టే వేళ కొత్త మిషను ఏమిటని నాకు నీరసం ముంచుకొచ్చింది. నడుం పోతోంది, మోకాళ్ళు మాట వినవు. కానీ ఆరేళ్ళలో నన్ను తను ఏదీ ఇది కావాలని అడగలేదు. సరే పదమన్నాను.

అల్ రాయ్‌లో ఈ మిషన్లమ్మే దుకాణం ఒకటుంది. కౌంటర్లో కూర్చున్నాయన హైదరాబాదువాడు. సంగతంతా విని, కొత్త మిషను తీసి గాలిలో అడ్డంగా పట్టుకున్నాడు.

"చిన్న బంగారం ఏమన్నా ఉందా వదినా? గా పుస్తె తీసి గిట్ల ముందర తిప్పుండ్రి."

"తియ్యనండి" అంది మా ఆవిడ. మెడలోంచి తియ్యకుండానే, సూత్రాలు పైకి తీసి పట్టుకుని, ఆ పళ్ళెం ముందు వంగి అటూ ఇటూ ఊపింది. కొత్తది టింగుమంది. తన మొహం వెలిగింది.

"మాదాన్ని కూడా చూడవయ్యా" అన్నాను. ఎంత పనికిమాలిందో తను కూడా చూస్తే, ఇన్నేళ్ళూ తప్పు నాది కాదని తేలుతుందనుకున్నాను. మళ్ళీ వంగింది, మళ్ళీ ఊపింది. మాది నోరు మెదపలేదు. చూశావా అన్నట్టు తనవైపు చూశాను.

ఆయన మా పెట్టెని తిప్పి చూసి, ఎర్ర గీతని వేలితో రుద్ది, మరని వెనక్కి సున్నాదాకా తిప్పాడు. ఈసారి తను ఊపగానే మా ముసలిది దుకాణమంతా వినబడేలా అరిచింది.

"మీ మిషిన్‌కి ఏమైందన్నా? మంచిగనే ఉంది. రింగులకి మోగొద్దని గీడ పెట్టుకున్నరు. రింగుకి, చిన్న బంగారానికి ఒక్క తీరు సప్పుడే ఉంటది. అదొద్దంటే ఇదీ పోతది. పొడి ఇసుకలనే పోయిందంటున్నరు గదా, ఆడ ఇదే మంచిగ పనిచేస్తది, కొత్తది ఎందుకన్నా, ఉత్తగ పైసల్ దండుగ."

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట మర తిప్పిన సంత మనిషి ఇంకో ముక్క కూడా అన్నాడు. చిన్న బంగారం కూడా వదిలేస్తుంది సుమా, అని. నాకు బంగారమెందుకు, నడుం మిగిలితే చాలన్నాను. సూత్రం పోయిన రోజైనా ఆ మాట గుర్తు రావాలి కదా! రాలేదు. రింగులు తవ్వే బాధ తప్పిందన్న సుఖంలో మర్చేపోయాను. అమ్మా, ఎంత బద్ధకస్తుణ్ణి!

ఈ మాట కారులో తనకి చెప్పాను. దాచి బతకలేనని కాదు, దాచే ఓపిక కూడా లేక. నాలుగు తిట్లు తిట్టుంటే బాగుండేది. రిగ్గైలో మా ఇంటివైపు తిప్పబోతుంటే, "ఇంటికి కాదు, సముద్రానికి పోనియ్యండి" అంది.

మెట్ల దగ్గర దిగాం. ఎండ నెత్తికెక్కుతోంది. మర సున్నా దగ్గరే ఉన్న మా పాత మిషను నా చేతికిచ్చి, ఇసుక తోడే జల్లెడ గరిట తను తీసుకుంది.

"ఏవండీ, ఈ ఆరేళ్ళలో మీరు ఎతకని చోటేదో చెప్పండి. అక్కణ్ణించి మొదలెడదాం."

మెట్ల నుంచి రాళ్ళదాకా ఉన్న ఒడ్డంతా ఒకసారి చూశాను.

"ఎక్కడా ఎతకలేదే" అన్నాను.

తను చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది.

"అయితే కానియ్యండి. మీరు మోగించండి, వంగడం నేను వంగుతాను."

రెండడుగులు వేశానో లేదో, మోగింది. తనే మోకాళ్ళ మీద కూర్చుని తవ్వింది. డబ్బా రింగు. దులిపి సంచీలో వేసుకుని, ఇంకెక్కడ అన్నట్టు నా మొహంలోకి చూసింది.