నారాయణమ్మ వైపు బానెట్ లీవర్

2022 ఎండాకాలం. చింతామణిలో బాగేపల్లి రోడ్డు మీద నాదొక చిన్న షెడ్డు. పాత బండ్లకు మెకానిక్ పని చేస్తూ ముప్పై ఏళ్ళు దాటింది. టొమాటో కోతల రోజుల్లో పికప్‌లు వరస కడతాయి. ఒకదానికి క్లచ్ పోయి ఉంటుంది, ఇంకోదానికి స్ప్రింగు పట్టీలు విరిగి ఉంటాయి. రేకుల కింద ఆ వేడిలో పొద్దంతా బండి కింద పడుకుని లేస్తే మోకాళ్ళు నావి కావనిపించేది. అట్లాంటి రోజున దిబ్బూరహళ్ళి నుంచి ఆంజనప్ప వచ్చాడు.

ఆయన పట్టుపురుగులు సాకే రైతు. అరవై దాటి ఉంటాయి. పికప్ కూడా పాతదే. రంగు మీద రంగు వేసి అసలు రంగేదో తెలియకుండా పోయింది. దాని బానెట్ తెరవాలంటే ముందు జాలీలో చెయ్యి పెట్టి ఒక కడ్డీ లాగాలి. దారిన పోయేవాడెవడైనా లాగవచ్చు.

"ఈ కడ్డీ తీసేసి, లోపల కూకోని తీసేట్టు చెయ్యల్ల మేస్త్రీ," అన్నాడు.

నాకు మనసు రాలేదు. ఇట్లాంటి పనికి సరిపోయే సామాను అంగట్లో దొరకదు. అన్నీ కోసుకోవాలి, అరగదీసుకోవాలి.

"ఇంత పాత బండికి ఎందుకప్పా ఇదంతా? ఒక గొలుసు చుట్టి బీగం వేసుకో," అన్నాను.

"బీగం వేస్తే ఆమె నమ్మదు."

ఆమె అంటే ఆయన భార్య నారాయణమ్మ. మూడు నాలుగు నెలల కింద ఇద్దరూ పట్టుగూళ్ళ మార్కెట్ బయట బండి ఆపి లోపలికి పోయారు. ఆ సందులో ఎవరో బ్యాటరీ కోసం బానెట్ తెరిచి, మనుషుల అలికిడికి సరిగా వేయకుండానే పోయినట్టున్నారు. వీళ్ళు చూసుకోలేదు. తిరిగి వస్తుంటే దారిలో బానెట్ గాలికి లేచి ముందు అద్దాన్ని కప్పేసింది. ఏమీ కనబడక ఆంజనప్ప బ్రేకు తొక్కాడు. బండి రోడ్డు పక్క కాలువలోకి దిగింది. నారాయణమ్మకు భుజం ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది కానీ ఆమె మళ్ళీ ఆ బండి ఎక్కలేదు.

"గూళ్ళేసుకోని బండిలో నేను పోతా, ఆమె బస్సులో వస్తాది. ఇన్నేండ్లు ఒకటిగా తిరిగినోళ్ళం. మార్కెట్ కాడ కలిసినా మాట్లాడేదానికి ఏమీ ఉండదు మేస్త్రీ," అన్నాడు ఆయన నేల చూస్తూ.

బండి వదిలి పొమ్మన్నాను.

పాత కార్లు విప్పేచోట వెదికి ఒక బానెట్ లీవర్, దాని కేబుల్ తెచ్చాను. కేబుల్ అంటే సన్నని గొట్టంలో కదిలే ఉక్కు తీగ. లీవర్ లాగితే ఆ తీగ ముందున్న లాకును విడిపిస్తుంది. పొగగొట్టం వేడి తగలకుండా, ఎక్కడా మడత పడకుండా తీగను తిప్పుకు రావాలి. ఇంజనుకూ సీట్లకూ మధ్య రేకులో రంధ్రం వేసి రబ్బరు వాషర్ పెట్టాలి, లేకుంటే రేకు అంచు తీగను కోసేస్తుంది. ఎప్పుడైనా కేబుల్ తెగితే బానెట్ తెరుచుకోదు గనుక, కింద నుంచి అందేలా ఇంకో తీగ కూడా దాచిపెట్టాను. బండి సేఫ్టీ క్యాచ్ పూర్తిగా అరిగిపోయి ఉంది. అది లాకు విడిపోయినా బానెట్‌ను పట్టి ఆపే రెండో కొక్కెం. ఆ రోజు బానెట్ అంత పైకి లేచింది అది పట్టనందుకే. దాన్ని కొత్తగా చేసి, వెల్డింగ్ పెట్టి, స్ప్రింగు తగిలించాను.

పని చూడడానికి వచ్చిన ఆంజనప్ప లీవర్‌ను స్టీరింగ్ పక్కన చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ పక్క కాదు మేస్త్రీ. ఎడమ పక్క పెట్టు. ఆమె కూకునేది ఆడ."

"డ్రైవర్ చేతికే ఉండాలప్పా ఇది. ఆమె తెలీక లాగితే?"

"తెలీకుండా ఆమె ఏదీ లాగదు. ఆమె చేతిలోనే ఉండనీ."

కేబుల్ మొత్తం విప్పి, రెండో వైపు మళ్ళీ రంధ్రం వేశాను. విసుగు వచ్చింది, దాచుకోలేదు కూడా.

మర్నాడు ఆయన బండి కోసం వచ్చాడు. ఆ వెనకే నారాయణమ్మ బస్సు దిగి వచ్చింది. సన్నని మనిషి. బానెట్ చుట్టూ తిరిగింది, కొక్కేన్ని వేలితో కదిపి చూసింది.

"లాకు ఊడిపోతే?"

"ఈ క్యాచ్ పట్టుకుంటుందమ్మా."

"నిలబడిన బండిలో పట్టుకుంటాది. పోతా ఉండే బండిలో పట్టుకుంటాదా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. గ్యారంటీ అని చెప్పి పంపవచ్చు. ఆమె ముఖం చూస్తే ఆ మాట నోటికి రాలేదు.

"ఎక్కమ్మా, చూద్దాం," అన్నాను.

ఆమె మొగుడి వైపు ఒకసారి చూసి ఎక్కింది. ఆయన షెడ్డు దగ్గరే నిలబడిపోయాడు. నేనే నడిపాను. ఊరు దాటాక ఖాళీ రోడ్డు వచ్చింది. ఆమె చెయ్యి లీవర్ మీద ఉంది.

"లాగేదా?"

"లాగమ్మా."

ఆమె లాగింది. టక్కుమంది. బానెట్ ముందు అంచు రెండు వేళ్ళ మందాన లేచి, కొక్కేనికి తగిలి ఆగింది. గాలికి అక్కడే అదురుతూ ఉంది. ఆమె కళ్ళు మూసుకోలేదు.

"ఇంకొంచెం జోరుగా పో," అంది.

పోయాను. అది కదల్లేదు. బండి ఆపగానే ఆమె దిగి, విరిగిన భుజం పూర్తిగా లేవకపోయినా, రెండు చేతులతో బానెట్ అదిమి మూసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

తిరిగి వచ్చేసరికి ఆంజనప్ప ఎండలో రోడ్డు అంచునే ఉన్నాడు.

"పట్టుకునిందా?" అన్నాడు.

"పట్టుకునింది," అంది ఆమె లోపలి నుంచే.

నేను దిగి స్టీరింగ్ ఆయనకు వదిలాను. ఆమె ఎడమ సీటులోనుంచి కదల్లేదు. ఆయన బండి స్టార్ట్ చేసి, ఆమె వైపు తిరిగాడు.

"పోదామా?"

"నిదానంగా పో," అంది ఆమె.

బండి తెచ్చేది ఒకరు, భయపడేది ఇంకొకరు కావచ్చని అంతవరకూ నాకు తట్టలేదు. ఇప్పుడు ఎవరు ఏ పాత బండి తెచ్చినా, ఇందులో ఇంకా ఎవరు కూర్చుంటారని అడుగుతాను. ఒళ్ళు అలిసిన రోజు ఆ ప్రశ్న బరువుగానే ఉంటుంది. జవాబు వచ్చిందంటే పని పెరుగుతుంది. అయినా అడుగుతాను.