పని జరిగిన చోటు

మొన్న బుధవారం పొద్దున పుప్పాలగూడలో మా పద్నాలుగో అంతస్తు బాల్కనీలో కూర్చుని, కాఫీ తాగుతూ ఫోను తెరిచేసరికి, చాలా ఏళ్ళుగా చప్పుడు లేని ఒక పాత బృందం నుంచి ఉత్తరం వచ్చి ఉంది. తెలుగు పరిశోధన పత్రికలకు నియమావళి రాసే మా స్వచ్ఛంద బృందాన్ని మళ్ళీ కొత్తగా అమర్చుకుంటున్నారట, పాతవాళ్ళు ఇష్టమైతే పేరు నమోదు చేసుకోవచ్చట, కింద ఒక ఫారం. గుండె ఒక్కసారి ఎగిరి గంతేసింది. పేరు రాశాను, ఫోను నంబరు రాశాను, మూడో గడి దగ్గర ఆగిపోయాను. 'సంస్థ, చిరునామా' అని ఉంది. పక్కన ఎర్ర గుర్తు, అంటే అది నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న మనిషికి సంస్థ ఎక్కడిది? అయినా ఆ గడిని చూసి నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ గడికి అర్థం రాసింది ఒకప్పుడు మేమే, ఆ అర్థమే మమ్మల్ని విడిపోకుండా నిలబెట్టింది.

ఆ రోజుల్లో నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. విదేశీ పరిశోధన పత్రికల వ్యాసాలు మా దగ్గరికి వచ్చేవి. ఇది శీర్షిక, ఇది రచయిత పేరు, ఇది ఆయన చిరునామా, ఇవి ఆయన చూసిన పుస్తకాలు అని కంప్యూటరుకు తెలిసేలా ఒక్కొక్కదానికీ గుర్తులు పెట్టడం మా పని. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ వ్యాసాలకు బొట్టూ కాటుకా దిద్ది పంపాక, మన తెలుగు పత్రికల సంగతేమిటని నాకొక దురద పుట్టింది. ఒక జిల్లా కాలేజీ పత్రికలో రచయిత ఊరు ముందుంటుంది, ఇంకోదాంట్లో చివర ఉంటుంది, మరోదాంట్లో అసలే ఉండదు. ఎంత మంచి వ్యాసమైనా నాలుగేళ్ళు తిరిగేసరికి వెతికేవాళ్ళకు దొరికేది కాదు. అందరూ ఒకే పద్ధతి పాటిస్తే ఆ వ్యాసాలన్నీ బతుకుతాయి కదా అని నా ఆశ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన వేళాకోళం చేసేవారు గాని, ఆదివారం చర్చి నుంచి తిన్నగా మీటింగుకు స్కూటరు మీద దింపేది కూడా ఆయనే.

ఇరవై మందిమి పోగయ్యాం. మాకు పెద్ద దిక్కు మూసాపేటలో ఉండే ఒక మాస్టారు, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవారు, పుట్టింది రాజమండ్రి. నాకు కుడిచెయ్యి గోపన్‌పల్లి అక్క. ఆవిడ తాతల నాటి నుంచీ ఆ ఊరిమనిషే, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉద్యోగం. ఏ నియమమైనా నేను హడావిడిగా రాసేస్తే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్క ప్రశ్న అడిగేది, నా నియమం కాస్తా కుప్పకూలేది. ఆ ప్రశ్నల కోసమే నేను వారమంతా ఎదురుచూసేదాన్నంటే మీరు నమ్మాలి.

అంతలో తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది. ఆ రోజులు మన వయసువాళ్ళకు వేరే చెప్పాలా? ఈరోజు బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏమో తెలియదు. ఆఫీసులో నిన్నటిదాకా ఒకే బల్ల మీద విప్పుకున్న టిఫిను డబ్బాలు రెండు బల్లల మీదికి చేరాయి. మా మీటింగుల్లో మాత్రం ఆ గాలి లేదని నేను మురిసిపోయేదాన్ని. ఒక ఆదివారం అక్క లేచి నిలబడింది. అప్పటికి మాకు అయిదు ఉపసంఘాలు, వాటికి పెద్దలను ఎంపిక చేసి పట్టిక రాసింది నేనే.

"ఒక్క మాట అడుగుత చెల్లె. ఐదు కుర్సీలేసిన్రు. ఒక్కటన్న మా దిక్కు పడ్డదా?"

పట్టిక తీసి చూసుకున్నాను. అయిదుగురూ కోస్తావాళ్ళే. కావాలని చేయలేదు, నిజం. నాకు పరిచయమున్నవాళ్ళను, నా యాసలో మాట్లాడేవాళ్ళను వేసుకుంటూ పోయాను. దీపం కిందే చీకటి అంటారే, అలా మూడేళ్ళు నా కళ్ళ ముందున్నది నాకే కనబడలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మాస్టారు గొడవ ఇష్టపడని మనిషి, అందుకని వెంటనే ఒక పరిష్కారం చెప్పారు.

"పోనీయండి, రెండు బృందాలు చేసేద్దాం. ఎవరి నియమావళి వాళ్ళు రాసుకుంటే ఏ పేచీ ఉండదు కదండీ."

పత్రికలన్నిటికీ ఒకే పద్ధతి కావాలనే కదా మేము కూర్చున్నది? రెండు నియమావళులంటే ఒక్కటీ లేనట్టే. పైగా అక్క ఆ బృందంలో, నేను ఈ బృందంలో. కాని కుర్సీల పట్టిక రాసినదాన్ని, ఏ మొహంతో కాదనగలను? తల ఊపాను.

ఇక చూడండి మా నిర్వాకం. విడిపోవాలంటే ఎవరు ఎటో తెలియాలి, తెలియాలంటే పట్టిక కావాలి. పట్టికలో 'సొంత ఊరు' అని ఒక గడి గీశాను. వేరేవాళ్ళయితే అరగంటలో తేల్చేసేవారు. మేము నియమాలు రాసేవాళ్ళం. సొంత ఊరంటే పుట్టినదా, పెరిగినదా, తండ్రి ఊరా, తల్లి ఊరా అని ఒకరు లేచారు. ఒక్క ఊరే రాయాలా, రెండు మూడు రాయొచ్చా అని మరొకరు. నింపడం తప్పనిసరా, ఖాళీ వదిలితే ఏమని అర్థం చేసుకోవాలి అని ఇంకొకరు. మాస్టారు పుట్టింది రాజమండ్రే గాని ఉద్యోగమంతా వరంగల్లులో చేశారు, పిల్లలు అక్కడే పుట్టారు. నేను తెనాలిలో పుట్టాను, మా అమ్మది ఖమ్మం, ఆవిడ నర్సుగా పనిచేసినన్నాళ్ళూ సికింద్రాబాదులో పెరిగాను. ఒకాయన నల్గొండలో పుట్టి గుడివాడలో చదివి వచ్చారు, ఆయన గడి దగ్గర ఒక పూటంతా గడిచిపోయింది. మూడు ఆదివారాలు, తల ప్రాణం తోకకొచ్చింది, ఒక్క గడి కూడా నిండలేదు. విడిపోదామని ఒప్పుకున్నవాళ్ళం, అందుకు నియమం కుదరక ఒకే గదిలో ఇరుక్కుపోయాం!

మూడో ఆదివారం సాయంత్రం అందరూ అలసిపోయి ఊరుకున్నాక, అక్క మా నియమావళి చిత్తుప్రతి చేతిలోకి తీసుకుని ఏడో నియమం పైకి చదివింది. రచయిత చిరునామా అంటే ఏమిటో ఏడాది కిందట మేమిద్దరం కలిసి రాసిన నియమం అది. పుట్టిన ఊరు కాదు, ఉంటున్న ఇల్లు కాదు, ఆ వ్యాసం తాలూకు పని జరిగిన చోటు. చదివి, కాగితాలు కింద పెట్టింది.

"లోకానికి జెప్తున్నం, మనకు పనికి రాదా? రాష్ట్రమైతే వేరైతది, గది గాక తప్పది. గనీ రాష్ట్రమేదైతేంది, వ్యాసం దొరకాలె గదా."

గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఏమిటి, నేనే. అరగంట క్రితం వరకూ తూగుతున్న మనుషులం అందరం ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టాం. మన పని ఎక్కడ జరుగుతోంది? ఆదివారాలు మనం కూడే మాదాపూర్ హాల్లోనే కదా, బందు రోజు అక్కడికి సగం మంది రాలేకపోతున్నారు. అయితే ఎక్కడ జరగగలదు? నడిచి చేరుకోగలిగిన చోట! 'సొంత ఊరు' గడి కొట్టేసి, 'బందు రోజు ఎవరింటికి నడిచి వెళ్ళగలవు' అని రాశాను. పది నిమిషాల్లో పట్టిక నిండిపోయింది, నన్ను నమ్మండి, పది నిమిషాలు. మూసాపేటలో మాస్టారి ఇల్లు ఒక చోటు, పుప్పాలగూడలో ఇంకో సభ్యుడి ఇల్లు ఒక చోటు, గోపన్‌పల్లిలో అక్క ఇల్లు ఒక చోటు. రెండు బృందాల మాటా, పాత ఉపసంఘాలూ రద్దు. నియమావళి మొత్తం మూడు చోట్లా చదవాలి, ఏ చోటు అభ్యంతరం చెప్పినా ఆ నియమం ఆగాలి. గోపన్‌పల్లికి పెద్ద అక్క. అప్పుడు నల్లగండ్లలో కిరాయికి ఉండేదాన్ని కనుక నేను అక్క కిందికే వచ్చాను.

మొదటి బందు రోజు నాకింకా గుర్తే. చిత్తుప్రతి సంచిలో వేసుకుని, బండి అన్నది లేని రోడ్డు మీద ఒక్కదాన్నే నడుస్తున్నాను. గోపన్‌పల్లి దగ్గర పడేసరికి రోడ్డు నడిమధ్య వంటావార్పు జరుగుతోంది. పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు, డప్పులు, పాటలు, వందల మంది. ఎక్కడికమ్మా అని ఒకాయన అడిగితే, భయంలో నా నోటి నుంచి 'మీటింగుకండీ' అని వచ్చింది. ఆ 'అండీ' విని నలుగురు తల తిప్పి చూశారు. నా కాళ్ళు ఆగిపోయాయి. అంతలో గరిట పట్టుకుని గుంపులోంచి అక్క వచ్చింది.

"మా చెల్లె. పని మీదొస్తున్నది, జర జాగియ్యున్రి. ఏందే, గట్ల బీరిపోయినవు? కూసో, తిను, ఇగ తర్వాత పోదాం."

రోడ్డు మీద కూర్చుని విస్తరిలో పప్పూ అన్నం తిన్నాను. నన్ను చూసినవాళ్ళలో ఒకామె అడగకుండానే రెండోసారి వడ్డించింది. తరువాత అక్క ఇంటి వరండాలో ఏడుగురం సాయంత్రం దాకా కూర్చుని, ఆదివారాల్లో నెల పట్టే పని ఒక్కరోజులో చేశాం! ఆ తరువాత బందు పిలుపు వస్తే ఊరంతా పరేషాన్, మేము మాత్రం సంచులు సర్దుకునేవాళ్ళం. ఆ ఎండల్లోనే మా నియమావళి పూర్తయింది. దాని ప్రకారం వేసిన మొదటి కాలేజీ పత్రిక పోస్టులో వచ్చిన రోజు, ఫోనులో అక్కా నేనూ ఒకరి మాట ఒకరికి వినబడకుండా సంతోషంతో అరుచుకున్నాం. అక్క రాష్ట్రం అక్కకు వచ్చింది. ఆ రోజు ఆవిడ పెట్టిన స్వీటు నేను మనస్ఫూర్తిగా తిన్నాను.

ఇప్పుడు గోపన్‌పల్లిలో ఆ ఇల్లు లేదు, అపార్టుమెంటు లేచింది, అందులోనే తొమ్మిదో అంతస్తులో అక్క ఉంటోంది. వరండా లేదు గని లిఫ్టున్నది చెల్లె అని నవ్వుతుంది. కొత్త బృందం మీటింగులన్నీ తెర మీదేనట, ఎవరూ ఎవరింటికీ నడవక్కరలేదు. అంత సుళువైనందుకు సంతోషమే. కాని ఎండన పడి వచ్చిన మనిషికి ముందు చెంబెడు నీళ్ళిచ్చి, ఆ తరువాతే అభ్యంతరం చెప్పేవాళ్ళం మేము. ఆ నీళ్ళ వల్ల అభ్యంతరం సగం చల్లబడేది, అది తెర మీద ఎలా కుదురుతుందో నాకు తెలియదు.

ఫారంలో ఆ 'సంస్థ, చిరునామా' గడి నొక్కితే ఎన్నుకోవడానికి ఒక వరస వచ్చింది. మొదటిది 'ఆన్‌లైన్', అన్నిటికన్నా చివర 'ఇతరం'. చివరిది నొక్కి, 'గోపన్‌పల్లి, అక్క ఇంటి వరండా' అని రాశాను. ఆ వరండా ఇప్పుడు లేదు, నిజమే. కాని పని జరిగింది అక్కడే.