మా అబ్బాయి తలంటు

పోయిన నెల మా అబ్బాయి చనిపోయాడు. పనిలో ఉండగానే గుండె ఆగిందన్నారు. ఆ పొద్దున, ఈ పరాయి దేశంలో మేముండే రోటోటూనాలో, మా ఇంటి తలుపు కొట్టిన పోలీసమ్మ గడప దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చింది. ఆమె ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. బూట్లు విప్పడం మాత్రం అర్థమైంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి కూర్చున్నాను. ఇప్పటికీ అలాగే కూర్చున్నట్టుంది.

ఇక్కడి తెలుగువాళ్ళలో కొందరు వాణ్ణి చూసే ఉంటారు. తలపాగా, గడ్డం, నోరు తెరిస్తే నిజామాబాద్ తెలుగు. మేము సిక్కులం. మా పెద్దలు ఎప్పుడో నిజాం కొలువుకు పంజాబు నుంచి సిపాయిలుగా వచ్చారని మా అత్తగారు చెప్పేవారు. వచ్చినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. భాష మారింది, జొన్నరొట్టె అలవాటైంది. జుట్టు మాత్రం కత్తిరించలేదు. దేవుడిచ్చింది ఇచ్చినట్టే ఉంచుకోవాలని మాకు చిన్నప్పుడే చెబుతారు. అంతకన్నా వివరంగా చెప్పడం నాకు రాదు.

వాడు చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే, అదే ఫ్లాట్‌లో ఉన్న గుంటూరు అబ్బాయి, "గడ్డం తీసేసి వెళ్ళరా, ఉద్యోగం వచ్చాక మళ్ళీ పెంచుకుందువు గానీ" అన్నాడట.

"తీస్తే రేపు ఎయిర్‌పోర్టుల మా అమ్మ వేరేటోని ఎంట పోతది రా" అన్నాడట మావాడు.

ఆ అబ్బాయే ఈ మాట ఎన్నోసార్లు చెప్పి నన్ను నవ్వించాడు. ఇప్పుడు చెప్పడం లేదు.

ఇక్కడి గురుద్వారాకు మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన, "పంజాబీ రాని సిక్కువా నువ్వు?" అని అడిగాడు. మావాడు హిందీలో జవాబిచ్చాడు. "మావోళ్ళు గుర్రాలెక్కి పోయి తెలుగు నేర్సుకున్నరు. మీరు విమానమెక్కి వచ్చి ఇంగ్లీషు నేర్సుకుంటున్నరు. తేడా ఏమున్నది, అంకుల్?" పెద్దాయన నవ్వి, వాణ్ణి చేయి పట్టుకుని తీసుకుపోయి గిన్నెల ముందు నిలబెట్టాడు. అప్పటి నుంచి ఆదివారం వస్తే ఇద్దరూ పక్కపక్కనే నిలబడి గిన్నెలు కడిగేవారు. ఒకసారి మావాడు లంగరులో, అదే అక్కడ అందరికీ పెట్టే భోజనంలో, పప్పులోకి చింతపండు పిసికి పోశాడు. పప్పు పాడు చేసిందెవరని తిడుతూనే పెద్దాయన రెండోసారి పెట్టించుకున్నాడు.

ఎక్కడికి పోయినా మీరెవరని అడుగుతారేమిటని నేను ఇంట్లో సణిగేదాన్ని. "అడిగితే చెప్పొచ్చమ్మా. అడగకుండ అనుకునేటోళ్ళకు ఏం చెప్తం?" అనేవాడు.

మాలో చనిపోయినవాళ్ళకు పెరుగుతో తల కడిగి, స్నానం చేయించి, కడియం, దువ్వెన, కిర్పాన్ అనే చిన్న కత్తి అన్నీ ఒంటి మీద ఉంచి, తలపాగా చుట్టి పంపుతారు. మగవాళ్ళకు ఇంటి మగవాళ్ళే చేయాలి. ఈ దేశంలో మాకు చుట్టాలెవరూ లేరు. ముందురోజు తోడుపెట్టిన పెరుగు గిన్నె పట్టుకుని, వాణ్ణి ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌కి నేనే వెళ్ళాను. గుంటూరు అబ్బాయి తోడు వచ్చాడు. అక్కడ పెద్దాయన, ఇంకో ముగ్గురు చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు.

"మీరు బయట కూర్చోండి, బెహన్‌జీ. మేమంతా వాడివాళ్ళమే" అన్నాడు పెద్దాయన, నా చేతిలో పెరుగు గిన్నె అందుకుంటూ.

"స్నానం మీరే చేయించుండ్రి. తల నేను కడుగుత."

"ఆంటీ, మీరు చూడలేరు" అన్నాడు గుంటూరు అబ్బాయి.

"వాని జుట్టు శానా చిక్కు పడతది. గుంజొద్దు, మెల్లగ తియ్యాలె. వాళ్ళకు తెల్వదు, జెర చెప్పు."

ఆ అబ్బాయి హిందీలో చెప్పాడు.  పెద్దాయన పెరుగు గిన్నె తిరిగి నా చేతికిచ్చి పక్కకు జరిగాడు.

తల చల్లగా ఉంది. పెరుగు పట్టించాను, నీళ్ళు పోశాను, చిక్కు తీశాను. పెద్దవాడైనప్పటి నుంచి ముడి వాడే వేసుకునేవాడు. తల తుడుచుకుంటూ గదిలోకి పోతే తలపాగాతోనే బయటికి వచ్చేవాడు. గడ్డం ఇంకా నల్లగానే ఉంది. దువ్వుతుంటే చెవి వెనక తెల్లగా కనిపించింది. ఒకటో రెండో వెంట్రుకలు కాదు, పాయంత. నా కొడుక్కి వయసు మీద పడుతోందని నాకు తెలియనే తెలియదు.

ఏడుపు రాలేదు. ముడి వేసి లేచాను. వాళ్ళు నీలం బట్ట విప్పి చుట్టడం మొదలుపెట్టారు. మడత మీద మడత వచ్చి, ఆ తెల్లపాయ కనిపించకుండా పోయింది.