వేరే బెంచీ

అడవిలో నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య కాల్పులు జరుగుతున్న రోజులవి. భద్రాచలం బస్టాండులో నా పక్కన కూర్చున్న మనిషి, ఎవరు లోపలికొచ్చినా వాళ్ల చేతుల వంకే చూస్తున్నాడు. బస్సు సంగతి కనుక్కుందామని లేస్తూ, మా పాపను ఆయన ఒళ్లో కూర్చోబెట్టబోయాను. చొక్కా కింద పిస్తోలు చేతికి తగిలింది.

"పోలీసోణ్ణే అక్కా, సెలవుల పోతున్న," అన్నాడు మెల్లగా.

నాకు కోపమొచ్చింది. "సెలవుల గిదెందుకన్నా, పిల్లలు తిరిగే జాగల?"

"ఇది లేకుంట ఊరికి పోలేను. అందుకే మావోళ్లను అక్కడ కూసోబెట్టిన. నా మీదికి ఎవడన్న వస్తే వాళ్లకు తూటా తగలొద్దు."

ఎదుటి బెంచీ మీద ఒకావిడ, చిన్న పిల్లవాడు. వాడు జారిపడి "నాయినా" అని ఏడ్చాడు. ఈయన సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడే ఇద్దరు మగవాళ్లు లోపలికొచ్చారు. ఆయన కొడుకు మీంచి చూపు తిప్పలేదు. వాళ్ల చేతుల వంక నేనే చూశాను.