తిట్టు దక్కని ఆడబిడ్డ

సిద్దిపేటలో మిర్చిబజ్జీల బండి నడిపే మణెమ్మకు తొలికాన్పు గడువు దాటినా నొప్పులు రాలేదు. పందొమ్మిది వందల ఎనభై ఏడు నాటి సంగతి. దవాఖానలో సెలైన్ పెట్టి నొప్పులు తెప్పించారు.

"తగ్గే మందియ్యమ్మా," అని నర్సును బతిమాలింది.

"వచ్చే మందే ఉన్నది. తగ్గేది లేదు."

ఇదెక్కడి న్యాయం? మణెమ్మకు ఏడవడం చేతకాదు, తిట్టడం వచ్చు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక్కో చుట్టాన్ని పేరుపెట్టి తిట్టింది. మొగుడితో మొదలుపెట్టి పెండ్లి కుదిర్చిన పెద్దమనిషి దాకా ఎవర్నీ వదల్లేదు. వరండాలో కూర్చున్నవాళ్లు ఎవరి తిట్టు వాళ్లు బుద్ధిగా విన్నారు. తీరా ఆడబిడ్డ సుశీలమ్మ వంతు వచ్చేలోపే పిల్ల పుట్టేసింది.

సుశీలమ్మ అలిగింది. "అందరిని తిట్టింది. నేనేం పరాయిదాన్నా?" అంటూ పిల్లకు పేరు పెట్టడానికి రానని కూర్చుంది. మేనత్త రాకుండా పేరెలా పెడతారు?

మణెమ్మ పిల్లనెత్తుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆడబిడ్డకు బొట్టు పెట్టి, ఎదురుగా కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. సుశీలమ్మ కళ్లు తుడుచుకుంటూ కాసేపు విని, లేచి వీధి తలుపు బార్లా తెరిచింది.

"ఇంకొంచెం గట్టిగ తిట్టు మణెమ్మా. పక్కింటోళ్లకు ఇనవడాలె."